పురపాలక సంఘం నుంచి రాష్ట్ర పీఠానికి: ప్రకాశం తీరు మేలా, రాజాజీ తీరు మేలా?

మద్రాసు రాష్ట్రానికి 1937లో రాజాజీ, 1946లో టంగుటూరి ప్రకాశం ప్రధానమంత్రులయ్యారు. రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో అలాగే పిలిచేవారు. ఇద్దరూ వకీళ్లే. ఇద్దరూ అంతకు చాలా ఏళ్ల ముందే మునిసిపల్ చైర్మన్లుగా పనిచేసినవారే, ఒకరు సేలంలో, ఇంకొకరు రాజమండ్రిలో. ఊరి పాలన నుంచి రాష్ట్ర పాలనకు వెళ్లిన ఈ ఇద్దరిలో ఎవరు మేలంటే తెలుగువాళ్లు తడుముకోకుండా ఆంధ్రకేసరి పేరే చెబుతారు. నాకూ ఆయనంటే ప్రాణం. అయినా పాలన లెక్కను అభిమానంతో తేల్చకూడదు.

ప్రకాశంగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. రాజమండ్రిలో ప్లీడరుగా నిలదొక్కుకున్న ఆ కుర్రవాడు ముప్పై దాటీ దాటకముందే అక్కడి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. తర్వాత బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లిపోయారు. రాజాజీ మాత్రం 1911లో సేలం పురపాలక సంఘంలో సభ్యుడిగా చేరి, 1917 నుంచి 1919 దాకా చైర్మన్‌గా ఉన్నారు. ఆ సంఘంలో తొలిసారి ఒక దళితుడు సభ్యుడయింది ఆయన హయాంలోనే. ఊరి పెద్దల మొహమాటానికి లొంగితే అయ్యే పని కాదది.

ఇద్దరినీ ఒకే కొలతతో తూచాలంటే మద్యనిషేధం కంటే మంచి ఉదాహరణ లేదు. రాజాజీ 1937 అక్టోబరులో నిషేధాన్ని ఒక్క సేలం జిల్లాలోనే మొదలుపెట్టారు, తాను గల్లీగల్లీ ఎరిగిన జిల్లాలో. తర్వాతి రెండేళ్లలో చిత్తూరు, కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాలకు విస్తరించారు. కల్లు, సారా మీద పోయిన ఆదాయాన్ని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. కుళాయి వేసే ముందు పన్ను ఎక్కడినుంచి వస్తుందో చూసుకునే మునిసిపల్ చైర్మన్ బుద్ధి ఇది. ఆశయం ఎంత గొప్పదైనా ఖర్చు లెక్క ముందే కట్టాలన్న ఆ జాగ్రత్త నాకు ఎంతో నచ్చుతుంది.

అదే నిషేధం ప్రకాశం మెడకు చుట్టుకుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఆయన ముఖ్యమంత్రి అయ్యేనాటికి నిషేధం అమల్లో ఉంది. నిషేధం అమలును పరిశీలించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయమంది, గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. ప్రభుత్వం దిగిరాలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, మంత్రివర్గం కూలింది. 1947లోనూ సొంత పార్టీ వాళ్లే ఆయనను ఏడాది తిరక్కుండా దించేశారు. సైమన్ కమిషన్ నాడు తుపాకీకి రొమ్ము చూపిన మనిషికి శాసనసభలో తలలు లెక్కపెట్టుకునే ఓపిక లేకపోయింది. ఇది నాకు బాధ కలిగించే విషయమే, కానీ నిజం.

అలాగని రాజాజీకి పూర్తి మార్కులు వేయలేం. 1938లో 125 పాఠశాలల్లో హిందీని నిర్బంధం చేసి, వద్దన్నవాళ్లను వందల సంఖ్యలో జైలుకు పంపారు. అరెస్టయిన ఇద్దరు యువకులు నిర్బంధంలోనే చనిపోయారు. 1953లో, మళ్లీ ముఖ్యమంత్రిగా ఉండగా, బడి పూట తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలనే పథకం తెచ్చి, కులవిద్య అనే నింద మోసి, మరుసటి ఏడాదే పదవి వదులుకున్నారు. సేలంలో దళితుడికి చోటిచ్చిన మనిషే ఈ పథకం తెచ్చారంటే, కుర్చీ ఎత్తు పెరిగేకొద్దీ కింది మాట వినబడటం తగ్గిందనుకోవాలి.

పదవికి వచ్చిన దారిలో అయితే ప్రకాశానిదే పైచేయి. 1946లో కాంగ్రెస్ అధిష్ఠానం మొగ్గు రాజాజీవైపున్నా శాసనసభ్యులు ప్రకాశాన్ని ఎన్నుకున్నారు. 1952లో కాంగ్రెస్‌కు మెజారిటీ రాలేదు. ప్రతిపక్షాలు కూటమి కట్టి ప్రకాశాన్ని నాయకుడిగా ఎన్నుకుంటే, గవర్నర్ శ్రీప్రకాశ రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచారు. ఓటరు ముందుకు వెళ్లకుండా దక్కిన ఆ ముఖ్యమంత్రి పదవిని నేను ఎప్పటికీ సమర్థించలేను.

కాబట్టి నా తీర్పు ఇది: గద్దెనెక్కే పద్ధతికి ప్రకాశం, ఎక్కాక పని నడిపే పద్ధతికి 1937 నాటి రాజాజీ. 1952 నాటి రాజాజీ కాదు.

ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో ఉన్న రెండేళ్లు మాత్రం ఎవరు మేలనే మాటే రాదు. రాజాజీ ప్రధాని, ప్రకాశం రెవెన్యూ మంత్రి. జమీందారీ విచారణ కమిటీ అధ్యక్షుడిగా ప్రకాశం రైతుల గోడు విని, భూమి హక్కుదారు రైతే, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమే అని 1938లో నివేదిక ఇచ్చారు. ప్రధాని పదవిలో చేసినదాని కంటే ఇదే ఆయన చేసిన పెద్ద పని అంటాను. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది, అప్పటికి రాష్ట్ర ప్రధాని ఓమందూరు రామస్వామి రెడ్డియార్.