స్టిక్కర్ బొమ్మలకి ఏది మేలు: ఎరేజరా, ఆల్ఫా లాకా, క్లిప్పింగా, లేయర్ మాస్కా?

మొన్న ఆదివారం మా మేనకోడలు కురుసుర జలాంతర్గామిని స్టిక్కర్‌గా గీస్తానని ట్యాబ్ పట్టుకుని కూర్చుంది. విశాఖలో ఆర్కే బీచ్‌కి వెళ్ళిన ప్రతిసారీ దాన్ని చూస్తూ పెరిగిన పిల్ల. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ చాలించి, మరుసటి ఏడు నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడ్డ ఆ కురుసుర ఆకారం స్టిక్కర్‌కి భలే నప్పుతుంది. పొడుగాటి నల్లటి ఒళ్ళు, మధ్యలో పైకి లేచిన గోపురం, అంతే. వేలిగోరంత చేసి చూపించినా విశాఖ వాళ్ళు ఇట్టే పోల్చేస్తారు.

గంట గడిచాక వెళ్ళి చూశాను. ఒళ్ళు, నీలి నీడలు, తుప్పు మరకలు, నురగ, అన్నీ ఒకే లేయర్ మీద ఉన్నాయి. లేయర్ అంటే యాప్‌లో ఒకదాని మీద ఒకటి పరుచుకునే పారదర్శకమైన పొర. నీడ గీత దాటి బయటికి పోయిన ప్రతిచోటా ఎరేజర్ పెట్టి చెరుపుతోంది. చెరిపిన ప్రతిసారీ పడవ అంచు కూడా కొద్దికొద్దిగా అరిగిపోతోంది. ముక్కు దగ్గర నున్నగా ఉండాల్సిన వంపు ఎలక కొరికినట్టు తయారైంది.

"చెరిపేస్తే సరిపోద్ది కదత్తా, ఈ మాస్కులన్నీ ఎందుకు?" అంది.

కొత్తగా నేర్చుకునే వాళ్ళందరూ అడిగే మాటే ఇది. దానికి జవాబుగా నాలుగు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూపించాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. మామూలు బొమ్మకి వెనకాల కాగితమో, ఆకాశమో, గోడో ఉంటుంది. స్టిక్కర్‌కి వెనకాల ఏమీ ఉండదు. బొమ్మ అంచే దాని ఒడ్డు. ఆ అంచు చుట్టూనే తెల్లటి గీత వస్తుంది, అచ్చు వేయిస్తే కత్తి కూడా దాని వెంబడే నడుస్తుంది. కాబట్టి స్టిక్కర్ వేసేటప్పుడు "నా అంచుని ఏ పద్ధతి బాగా కాపాడుతుంది?" అన్న ప్రశ్నతోనే దేన్నైనా తూచాలి. రంగుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎరేజర్‌తో చిక్కేమిటంటే, చెరిపింది పోయినట్టే. అన్‌డూ ఉంది కదా అంటారు. అది కొన్ని అడుగులు వెనక్కి తీసుకెళుతుంది, ఫైలు మూసి మర్నాడు తెరిస్తే చాలా యాప్‌లలో ఆ దారి కూడా మూసుకుపోతుంది. పెన్సిల్ స్కెచ్ శుభ్రం చేసుకోవడానికి ఎరేజర్ మంచిదే. రంగు ఒడ్డు దాటిందని దాన్ని పట్టుకుంటే మాత్రం నష్టం అంచుకే.

ఆల్ఫా లాక్ ఇంతకంటే ఎంతో నయం. లేయర్ మీద ఇప్పటికే రంగు ఉన్న చోట మాత్రమే కొత్త రంగు పడేలా తాళం వేయడమన్నమాట. ఖాళీ చోట బ్రష్ ఎంత రుద్దినా ఏమీ అంటదు. ఐప్యాడ్‌లో బొమ్మలు గీసే ప్రోక్రియేట్ యాప్‌లో లేయర్ మీద రెండు వేళ్ళు పెట్టి కుడివైపుకి జరిపితే చాలు. కంప్యూటర్‌లో వాడే కృతాలోనూ, ఫోన్‌లో వాడే ఐబిస్ పెయింట్‌లోనూ దీనికి లేయర్ల దగ్గరే బటన్ ఉంది. కొత్త లేయర్ అక్కర్లేదు. ర్యామ్ తక్కువున్న ట్యాబ్‌లకి ఇది చిన్న సంగతి కాదు, ఎందుకంటే కాన్వాస్ పెద్దదయ్యేకొద్దీ ఇన్ని లేయర్లే అని ప్రోక్రియేట్ లాంటివి హద్దు పెడతాయి.

కానీ తాళం వేసి వేసిన రంగు కింది రంగులో కలిసిపోతుంది. నీడ ఎక్కువైంది, తీసేద్దాం అంటే కుదరదు, మళ్ళీ మొదటి రంగు పూయాల్సిందే. అందుకే నేను ఆల్ఫా లాక్‌ని ఒక్క పనికే వాడతాను: గీతల రంగు మార్చడానికి. బొమ్మంతా అయ్యాక గీతల లేయర్‌కి తాళం వేసి, నల్లగీతని పడవ దగ్గర ముదురు నీలంగా, తుప్పు దగ్గర గోధుమరంగుగా మారుస్తాను. రెండు నిమిషాల పని, బొమ్మకి ఒక్కసారిగా మెత్తదనం వస్తుంది.

ఇక క్లిప్పింగ్ మాస్క్. కొత్తవాళ్ళు ఒక్కటే నేర్చుకుంటామంటే నేను దీన్నే చెబుతాను.

దీన్ని అరిటాకుతో పోలుస్తాను. ఆకు ఎంత ఉందో వడ్డన అంతవరకే. అన్నం, పప్పు, కూర వేటికవే ఉంటాయి, ఏదీ ఆకు దాటదు. కింద ఒక లేయర్ మీద బొమ్మ ఆకారాన్ని ఒకే రంగుతో నిండుగా పూయాలి. అదే ఆకు. దాని పైన కొత్త లేయర్ తీసి క్లిప్పింగ్ నొక్కితే, ఆ పై లేయర్ మీద ఏం గీసినా కింది ఆకారం మేరకే కనిపిస్తుంది. బయటికి పోయింది పోయినట్టే ఉంటుంది గానీ కంటికి కనపడదు. పైన ఇంకో లేయర్, దాని పైన మరోటి, ఎన్నైనా అదే ఆకారానికి క్లిప్ చేసుకోవచ్చు.

పిల్ల చేత కురుసురని మొదటి నుంచీ మళ్ళీ గీయించాను. ఒళ్ళంతా ముదురు బూడిదరంగుతో ఒక్క లేయర్, గట్టి అంచున్న బ్రష్‌తో. పైన నీడల లేయర్, క్లిప్. దాని పైన తుప్పు మరకలు, క్లిప్. అన్నిటికీ పైన ఎండ మెరుపు, క్లిప్. ఈసారి నీడ వేసేటప్పుడు అంచు గురించి ఆలోచించనే లేదు. పెద్ద బ్రష్ తీసుకుని పడవ కింద ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒకే ఊపున లాగేసింది. చేతికి ఆ స్వేచ్ఛ దొరకడం చాలా ముఖ్యం. అంచుకి భయపడుతూ గీసిన గీత వణుకుతుంది, ఆ వణుకు చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. తుప్పు ఎక్కువైందనిపిస్తే ఆ ఒక్క లేయర్ పలుచన చేసింది, మిగతావి కదల్లేదు. ముక్కు వంపు నచ్చకపోతే కింది ఆకారాన్ని ఒక్కదాన్నే సరిచేసింది. పైన ఉన్న నీడ, మెరుపు అన్నీ దాంతోపాటే సర్దుకున్నాయి.

క్లిప్పింగ్‌లో జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. కింది ఆకారాన్ని ఒక్కదాన్నే పట్టుకుని జరిపితే పైవి అక్కడే ఉండిపోతాయి, అందుకని జరిపే ముందు అన్నిటినీ కలిపి ఎంచుకోవాలి. రెండోది కృతా వాడేవాళ్ళకి. అక్కడ క్లిప్పింగ్ పనిని ఇన్‌హెరిట్ ఆల్ఫా అనేది చేస్తుంది, కానీ అది వెంటనే కింద ఉన్న ఒక్క లేయర్‌ని కాకుండా ఆ గుంపులో కింద ఉన్న లేయర్లన్నిటినీ కలిపి చూస్తుంది. అడుగున తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ లేయర్ ఉంటే కాన్వాస్ అంతా నిండినట్టే లెక్క, ఇక క్లిప్ అయినట్టే కనిపించదు. "కృతాలో ఇది పనిచేయట్లేదు" అనే వాళ్ళలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఆకారాన్నీ పై లేయర్లనీ ఒక గ్రూపులో పెట్టాలి. కంట్రోల్, షిఫ్ట్, జీ కలిపి నొక్కితే ఆ గ్రూపు అదే తయారవుతుంది.

లేయర్ మాస్క్ వేరే రకం. ఇది తెర లాంటిది. లేయర్‌కి ఒక మాస్క్ తగిలించి దాని మీద నలుపు పూస్తే అక్కడ బొమ్మ దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగి వస్తుంది, బూడిదరంగు పూస్తే సగం సగం కనిపిస్తుంది. బొమ్మ మాత్రం చెక్కుచెదరదు. నెల తర్వాత తెరిచినా దాచింది బయటికి తీసుకోవచ్చు. ఎరేజర్ చేసే పనే, కాకపోతే వెనక్కి తిరిగే దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. ఫోటోషాప్‌లో, ప్రోక్రియేట్‌లో ఉంది. కృతాలో దీన్ని ట్రాన్స్‌పరెన్సీ మాస్క్ అంటారు.

స్టిక్కర్లలో దీని అవసరం ఎప్పుడొస్తుందంటే, ఒక వస్తువు ఇంకోదాన్ని కప్పినప్పుడు. బీచ్‌లో మురీ మిక్స్చర్ (మసాలా మరమరాలు) పొట్లం పట్టుకున్న చెయ్యిని గీయాలనుకోండి. బొటనవేలు పొట్లానికి ముందు ఉంటుంది, మిగతా నాలుగు వేళ్ళూ వెనక్కి పోతాయి. ఒకే చెయ్యి, సగం ముందు, సగం వెనక. చెయ్యిని పూర్తిగా ఒక లేయర్ మీద గీసి, పొట్లం పైన పెట్టి, మాస్క్ తగిలించి, పొట్లం వెనక పడే వేళ్ళ మీద మాత్రం నలుపు పూస్తే అయిపోతుంది. పొట్లాన్ని కాస్త పక్కకి జరపాలనిపిస్తే మాస్క్ సరిచేసుకుంటే చాలు, వేళ్ళు మళ్ళీ గీయక్కర్లేదు. క్లిప్పింగ్‌తో ఈ పని ఇంత తేలిగ్గా కాదు.

అయినా కొత్తవాళ్ళకి మొదట లేయర్ మాస్క్ చెప్పొద్దంటాను. దాదాపు అందరూ ఒకేచోట తప్పటడుగు వేస్తారు: మాస్క్‌ని ఎంచుకున్నాం అనుకుని బొమ్మ మీదే నలుపు పూసేస్తారు. చెయ్యి మీద నల్లటి మచ్చ పడ్డాక కంగారు. బ్రష్ పెట్టే ముందు లేయర్ల జాబితాలో బొమ్మ చతురస్రం వెలుగుతోందో, మాస్క్ చతురస్రం వెలుగుతోందో చూసుకునే అలవాటు రావడానికి ఓ వారం పడుతుంది. క్లిప్పింగ్ చేతికి వచ్చాక అది కష్టం కాదు. ఇంకో మాట: స్టిక్కర్‌లో మాస్క్ మీద మెత్తటి బ్రష్, బూడిదరంగు వాడకండి. సగం కనిపించే అంచు స్టిక్కర్‌కి పనికిరాదు.

ఎందుకో తెల్లగీత దగ్గర తెలుస్తుంది, ముందు వాట్సాప్ లెక్కలు చూద్దాం. వాట్సాప్ స్టిక్కర్ 512 బై 512 పిక్సెళ్ళు, వెబ్‌పీ ఫార్మాట్, కదలని బొమ్మైతే 100 కేబీ లోపు ఉండాలి. బొమ్మ చుట్టూ 8 పిక్సెళ్ళ తెల్లగీత, బొమ్మకీ కాన్వాస్ అంచుకీ మధ్య 16 పిక్సెళ్ళ ఖాళీ వదలమని వాళ్ళే సూచిస్తారు. నేను 2048 పిక్సెళ్ళ కాన్వాస్ మీద గీసి చివర్లో నాలుగో వంతుకి తగ్గిస్తాను. అంటే గీసేటప్పుడు తెల్లగీత 32, ఖాళీ 64. టెలిగ్రామ్‌కి ఒక పక్క సరిగ్గా 512 ఉండి, రెండో పక్క అంతకు మించకపోతే చాలు.

ఆ తెల్లగీతని యాప్ బొమ్మ అంచు చూసే గీస్తుంది. కృతాలో సెలెక్ట్ ఒపేక్ నొక్కి, గ్రో సెలెక్షన్‌తో పెంచి, కింద తెలుపు నింపుతాం. ఫోటోషాప్‌లో స్ట్రోక్ పెడతాం. ఆకారం మెత్తటి బ్రష్‌తో గీసి ఉంటే తెల్లగీత కూడా మబ్బు పట్టినట్టు వస్తుంది, డార్క్ మోడ్‌లో చూస్తే బొమ్మ చుట్టూ పొగ. ఎక్కడో మూల ఒక చుక్క రంగు మిగిలిపోతే దానికి కూడా బుద్ధిగా తెల్లటి వలయం కట్టేస్తుంది. అందుకే పంపే ముందు అన్నిటికీ అడుగున ఎర్రటి లేయర్ ఒకటి నింపి చూడండి. పొగ, చుక్కలు అన్నీ బయటపడతాయి.

తెలుగు అక్షరాలు పెడితే ఇంకో సంగతి చూసుకోవాలి. పిల్ల పడవ కింద "బాగున్నారేటండీ" అని రాసింది, మన ఉత్తరాంధ్ర పలకరింపు. తెలుగులో ప, స, హ లాంటి వాటికి తలకట్టు విడిగా తేలుతుంది, ఒత్తులు కింద వేలాడతాయి. తెల్లగీత సన్నగా ఉంటే అక్షరానికీ తలకట్టుకీ మధ్య చిల్లు పడుతుంది. అవి కలిసిపోయేంత మందంగా గీత పెట్టండి. కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి కూడా, అక్కడ చేత్తో రాయడమే మేలు. రాసిన అక్షరాల లేయర్‌కి ఒక లేయర్ క్లిప్ చేసి, పైన పసుపు, కింద నారింజ పూస్తే ఆర్కే బీచ్ సూర్యోదయం అక్షరాల్లోకి దిగుతుంది.

అచ్చు వేయించే ఉద్దేశం ఉంటే నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట కైలాసగిరి శివపార్వతుల బొమ్మని స్టిక్కర్ చేసి, వాట్సాప్‌కి తగ్గించిన 512 పిక్సెళ్ళ ఫైలే ఒక ప్రింటింగ్ షాపుకి పంపాను. మూడంగుళాల సైజు అడిగాను. అంగుళానికి 300 చుక్కల లెక్కన 512 పిక్సెళ్ళు 1.7 అంగుళాలకే సరిపోతాయి, మూడంగుళాలకి 900 కావాలి. వాళ్ళు ఒక్క మాట అడగకుండా సాగదీసి వేసేశారు. బొమ్మ మసకబారింది, కత్తి కొంచెం జరిగి ఒక పక్క తెల్లగీత కోసుకుపోయింది. డబ్బులు పోయాయి, షీట్లు పక్కన పడేశాను. ఎక్కువ బాధ కలిగింది మాత్రం ఇంటికొచ్చి అసలు ఫైలు తెరిచినప్పుడు. అన్నీ ఒకే లేయర్‌లో కలిపేసి, ఎరేజర్‌తో అంచులు కోసేసి ఉన్నాను. తెల్లగీత వెడల్పు చేయాలన్నా, నీడ తగ్గించాలన్నా మొత్తం మళ్ళీ గీయాల్సిందే. రెండు రాత్రులు కూర్చుని గీశాను, ఈసారి క్లిప్పింగ్‌తో. ఆ రెండో ఫైలు ఇప్పటికీ వాడుతున్నాను.

యాప్‌ల సంగతి క్లుప్తంగా. ఫోన్ మాత్రమే ఉంటే ఐబిస్ పెయింట్‌తో మొదలుపెట్టండి. ఉచితంగా దొరుకుతుంది, ప్రకటనలు వస్తాయి, క్లిప్పింగ్ ఒక్క నొక్కుతో అవుతుంది. కంప్యూటర్ ఉంటే కృతా, అది పూర్తిగా ఉచితం. ఐప్యాడ్ ఉంటే ప్రోక్రియేట్, ఒక్కసారి కొంటే నెలనెలా చందా ఉండదు. స్టిక్కర్లు నేర్చుకోవడానికి మాత్రమే ఐప్యాడ్ కొనొద్దు.

కాబట్టి మా పిల్లకి నేను చెప్పిన వరుస ఇది: ఆకారం గట్టి బ్రష్‌తో, రంగులు నీడలు క్లిప్పింగ్‌తో, గీతల రంగు ఆల్ఫా లాక్‌తో. ఒకటి వెనక ఒకటి పడే బొమ్మ వచ్చినప్పుడే లేయర్ మాస్క్. ఎరేజర్ స్కెచ్ వరకే. కురుసుర పూర్తయింది, కుటుంబం గ్రూపులో వాళ్ళ తాతయ్య రోజూ పొద్దున్నే అదే పంపుతున్నారు. ఇప్పుడు ఆలివ్ రిడ్లే తాబేలు పిల్ల ఇసుకలోంచి తల బయటపెట్టే బొమ్మ మొదలెట్టింది. పెంకు మీద పలకలు క్లిప్పింగ్‌తో అయిపోయాయి. ఇసుకలో దాగాల్సిన సగం ఒళ్ళు మిగిలింది. "దీనికి ఆ నలుపు తెలుపుదేనా అత్తా?" అని తనే అడిగింది.