తాగుడు తప్పు ఎవరిది: తాగినవాడిదా, అమ్మనిచ్చిన సమాజానిదా?

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభంలో సారా అంగడిని మూయించిన ఆడవాళ్లు, కూలి డబ్బులు తాగి తగలేసే మగవాణ్ణి ఇంట్లో నిలదీస్తూనే, ప్యాకెట్లను ఊళ్లోకి తెచ్చే వ్యాపారాన్నీ సారా వేలంపాటలనూ బయట అడ్డుకున్నారు. అందుకే ఈ పోలికకు ఆ ఉద్యమమే సరైన గీటురాయి.

ఖర్చు: మనిషిని నిందించడానికి పైసా ఖర్చు కాదు. సమాజాన్ని బాధ్యత వహించమంటే మాత్రం ప్రభుత్వం ఆబ్కారీ రాబడిని వదులుకోవాలి.

శ్రమ: ఒక్కడికి బుద్ధి చెప్పడం ఇంటివాళ్ల పని, అదీ రోజూ చెయ్యాల్సిన పని. వ్యవస్థను కదిలించాలంటే ఊళ్లకు ఊళ్లు కలిసి రావాలి.

ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. తప్పంతా మనిషిదే అంటే, అమ్మి లాభపడినవాడు పెద్దమనిషిగానే మిగులుతాడు. తప్పంతా సమాజానిదే అంటే, పెళ్లాన్ని కొట్టినవాడికి మంచి సాకు దొరుకుతుంది (అదే అంగడి ముందు నుంచి రోజూ నడిచి వెళ్లినా తాగనివాళ్లు ఉన్నారు కదా). చట్టం ఒక్కటే చాలదనడానికీ ఉమ్మడి ఆంధ్రప్రదేశే సాక్ష్యం: 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించినా, 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

ఎక్కడ ఏది: చెయ్యి చేసుకోవడం, బిడ్డ ఫీజు డబ్బు తాగెయ్యడం వంటివాటికి ఆ మనిషే జవాబుదారీ. వీధి వీధంతా ఒకే తీరున చెడుతున్నప్పుడు మాత్రం ముందుగా అడగవలసింది అంగడికి అనుమతి ఇచ్చినవాళ్లను.