చిల్లిగవ్వ లేనివాడు, అధికారం గుమ్మం: మూడు మెక్సికో సినిమాల్లో ఏది మేలు?

మెక్సికో సినిమాలో రాజకీయ వ్యంగ్యం రుచి చూడాలనుకునేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి? నా లెక్కలో పోటీ మూడింటి మధ్య. మూడింట్లోనూ చిల్లిగవ్వ లేనివాడొకడు అధికారం గుమ్మంలో అడుగుపెడతాడు. అక్కడ వాడి నోటికి ఏమవుతుందన్నదే నాకు తూకపురాయి.

1940లో వచ్చిన ‘ఆయీ ఎస్తా ఎల్ దెతాయె’లో వాడు కాంతిన్‌ఫ్లాస్. డేరా ప్రదర్శనల్లోంచి ఎదిగిన మారియో మొరేనో ఆ పాత్రకు ప్రాణం పోశాడు. నడుము కిందికి జారిన ప్యాంటు, భుజాన ఓ గుడ్డపీలిక. మెక్సికో నగరంలో ‘పెలాదో’ అని ఈసడించే నిరుపేద వేషమది. కథలో వాడు చంపింది బాబీ అనే పిచ్చికుక్కని. హత్యకు గురైన రౌడీని పిలిచేదీ బాబీ అనే. బాబీని చంపింది తనేనని వాడు కోర్టులో నిబ్బరంగా ఒప్పేసుకుంటాడు. ఇక ప్రశ్నకో సుడిగుండం. మాట మీద మాట దొర్లుతుంది, అర్థం మాత్రం చేతికి చిక్కదు. ఇలా మాట్లాడటానికి ‘కాంతిన్‌ఫ్లెయార్’ అనే క్రియాపదమే పుట్టి, 1992లో స్పానిష్ అకాడమీ నిఘంటువుకెక్కింది.

1967 నాటి ‘సు ఎక్సెలెన్సియా’లో అదే నటుడు. కొబ్బరికాయల గణతంత్రం అనే ఊహాదేశపు రాయబార కార్యాలయంలో చిరుద్యోగి లోపితోస్‌గా కనిపిస్తాడు. స్వదేశంలో వరసగా తిరుగుబాట్లు జరిగి, ఒక్క విందు ముగిసేలోగా రాయబారి అయిపోతాడు. ఆ విందు ఘట్టం భలే ఉంటుంది. చివర రెండు అగ్రరాజ్యాలనూ నిలదీస్తూ చేసే సుదీర్ఘ ప్రసంగం మాత్రం నాకు కొరుకుడుపడలేదు. పెలాదో నాలుక తిన్నబడింది, వ్యంగ్యం ఉపదేశమైంది. పైగా చురకలన్నీ ఊహాదేశాలకే. మరుసటేడు అక్టోబరు 2న మెక్సికో నగరంలోనే, త్లాతెలోల్కో కూడలిలో, ప్రభుత్వ బలగాలు విద్యార్థులను కాల్చి చంపాయి. అది తెలిశాక ఆ ప్రసంగం మరీ దూరం నుంచి వినిపిస్తుంది.

పేరుపెట్టి కొట్టింది లూయిస్ ఎస్త్రాదా తీసిన ‘లా లే దె ఎరోదెస్’. 1999 నాటి సినిమా, కథాకాలం 1949. సినిమా వచ్చేనాటికి ఏడు దశాబ్దాలుగా దేశాన్నేలుతున్న పీఆర్‌ఐ పార్టీని మారుపేరు లేకుండా తెరకెక్కించింది. చెత్తకుప్పల కాపలాదారు వర్గాస్‌ని పార్టీ ఓ మారుమూల ఊరికి మేయర్ని చేస్తుంది. నిధులడిగితే చేతిలో పెట్టేది చట్టాల పుస్తకం, పిస్తోలు. అక్కణ్ణుంచి జరిమానాలు, లంచాలు, హత్యలు. విడుదలను అడ్డుకోవాలని చూస్తే గొడవై, జనం ఎగబడి చూశారు. 2000 జూలైలో ఆ పార్టీ అధ్యక్ష పదవి కోల్పోయింది. సినిమా వల్లే ఓడిందనను, కానీ సమయం సరిగ్గా కుదిరింది.

రాజకీయం తెలియాలంటే ‘ఎరోదెస్’ చూడండి, సందేహం లేదు. నాకు దానితో ఉన్న పేచీ వేరు. ఊళ్లోని మూలవాసులు గుంపుగా కనిపిస్తారే గానీ ఒక్కొక్క మనిషిగా గుర్తుండరు. వర్గాస్ చేతికి అధికారం రాగానే దొరల భాషే వాడి భాష అవుతుంది.

అందుకే మొదట చూడమనేది 1940 సినిమానే. పార్టీల ఊసు ఉండదు, మంత్రులు కనబడరు. కానీ విచారణ ముగిసేసరికి న్యాయమూర్తీ, వకీళ్లూ వాడిలాగే తడబడుతూ, మాటలు మెలికలు తిప్పుకుంటూ మాట్లాడటం మొదలుపెడతారు.