ఫ్లింట్‌లాక్ కిట్ కొని, కర్ర పని చేసుకుని, ఏళ్లుగా వాడాక

ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియాలో తయారైన కెంటకీ తరహా (పాత అమెరికన్ పొడవాటి రైఫిల్ నమూనా) ఫ్లింట్‌లాక్ రైఫిల్ కిట్ ఇది. ఫ్లింట్‌లాక్ అంటే చెకుముకి రాయి రవ్వలతో మందు అంటించే పాతకాలపు తుపాకి, కిట్ అంటే తుది మెరుగులు మనమే దిద్దుకోవాల్సిన విడిభాగాలు. .50 కాలిబర్ (గొట్టం రంధ్రం అర అంగుళం), వాల్‌నట్ కర్రతో చేసిన స్టాక్. ముందే చెప్పేస్తాను, కిట్ కొనేటప్పుడు చూడాల్సింది లాక్ (రవ్వలు పుట్టించి మందు అంటించే యంత్రాంగం), బ్యారెల్ (గొట్టం). కర్ర ఎంత మొరటుగా వచ్చినా ఓపికుంటే మన చేతుల్లోనే బాగుపడుతుంది, లాక్ బాగాలేకపోతే మాత్రం ఎంత నునుపు చేసినా అది పేలే తుపాకి కాదు.

నాకు వచ్చినదాంట్లో ఫ్రిజెన్, అంటే రాయి తగిలి రవ్వలు రాల్చే ఉక్కు పలక, మెత్తగా ఉంది. చెకుముకి రాయి తగిలినప్పుడల్లా దాని మీద గాట్లు పడేవి గాని రవ్వలు సరిగా రాలేవి కావు, కొత్త రాయి బిగించినా అంతే. అమ్మినవాళ్లు రాయిదే లోపమన్నారు. చివరికి తుపాకులు బాగుచేసే ఒకాయన దాన్ని కాల్చి మళ్లీ గట్టిపరిచాక ఈరోజు వరకూ ఇబ్బంది లేదు. అందుకే పెట్టె విప్పగానే, కర్రని ముట్టుకోకముందే, తుపాకి ఖాళీగా ఉందని చూసుకుని చీకట్లో రవ్వలు పరీక్షించండి. బ్యారెల్ మీద ప్రూఫ్ ముద్ర (ఎక్కువ ఒత్తిడితో పేల్చి పరీక్షించారనే గుర్తు) ఉందో లేదో కూడా చూడండి.

ఇక కర్ర పని. కిట్‌లో లాక్ చుట్టూ, స్టాక్ వెనక చివర, భుజానికి ఆనే ఇత్తడి బట్‌ప్లేట్ దగ్గర కర్ర లోహం కన్నా ఎత్తుగా ఉంటుంది. దాన్ని ఆకురాయితో, తర్వాత శాండ్ పేపర్‌తో దించాలి, అదీ బట్‌ప్లేట్ బిగించి ఉంచే. తీసేసి రుద్దితే అంచులు గుండ్రంగా అరిగిపోయి జీవితాంతం సందు కనిపిస్తూ ఉంటుంది. నునుపైందనుకున్నాక తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, పోగులు పైకి లేస్తాయి, మళ్లీ రుద్దండి. ఆ తర్వాత అవిసె నూనె పలచగా, ఒక్కో పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఇన్నేళ్లలో గీతలు చాలానే పడ్డాయి, పడ్డచోట కాస్త నూనె రుద్దితే కలిసిపోతోంది, వార్నిష్‌తో ఈ సుఖం ఉండదు. నూనె గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి.

బ్యారెల్‌కి బ్రౌనింగ్ చేశాను. కావాలనే తుప్పు పట్టించి, రుద్ది, మళ్లీ పట్టించి గోధుమరంగు పొరగా నిలపడమే ఇది. స్క్రూలకి వేసిన కోల్డ్ బ్లూ (వేడి చేయకుండా పూసే నీలి-నలుపు రంగు మందు) ఎప్పుడో అరిగిపోయింది, బ్రౌనింగ్ చెక్కుచెదరలేదు.

వాడకంలో కష్టమంతా శుభ్రం చేయడంలోనే. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకి మందు) మసి గాలిలోని తేమ పీల్చుకుని ఇనుముని తినేస్తుంది, అందుకని కాల్చిన రోజే వేడినీళ్లు, కాస్త సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టి నూనె పెట్టాలి. అలసిపోయాం రేపు చూద్దాం అంటే కుదరదు. ఇప్పటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ జోలికి అసలు వెళ్లొద్దు, బ్యారెల్ పగిలి ప్రాణాలు పోతాయి. బ్లాక్ పౌడర్ బదులు అమ్మే పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు ఫ్లింట్‌లాక్‌లో సులువుగా అంటుకోవు, అసలు బ్లాక్ పౌడరే కావాలి. అది దొరకని చోట ఉంటే పెర్కషన్ కిట్ (రాయి బదులు చిన్న క్యాప్ పేలి మందు అంటించేది) తీసుకోండి, అందులో ఆ ప్రత్యామ్నాయాలు పనిచేస్తాయి, కర్ర పని రెండిట్లోనూ ఒకటే.