పాకాల దగ్గర పాత మిల్లుల ఊళ్ళో చెనక్కాయల గానుగ

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో పాకాల వైపు తిరిగి కాస్త లోపలికెళ్తే ఒక ఊరుంది. చుట్టుపక్కల పల్లెలన్నీ ఒకప్పుడు మిల్లు పని ఉంటే ఈ ఊరికే బండ్లు కట్టుకుని వచ్చేవి. ఇప్పుడు మిగిలింది ఒక్క కట్టె గానుగ. రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు, ఎవరినడిగినా చూపిస్తారు. మంచి చెనక్కాయల నూనె కావాలంటే తప్పకుండా వెళ్ళండి, కానీ గింజలు మీరే తీసుకెళ్ళండి.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే మన గింజలు మన కళ్ళముందే ఆడతారు, వేరేవాళ్ళవాటితో కలపరు. కరెంటు మోటారే గానీ రోలూ రోకలీ కట్టెవి, నిదానంగా తిరుగుతాయి కాబట్టి నూనె పెద్దగా వేడెక్కదు. మొదట గింజ నలిగి పొడిపొడిగా రోలు అంచులకు ఎక్కుతుంది, గానుగ పెద్దాయన ఒక చేత్తో దాన్ని లోపలికి తోస్తూ ఇంకో చేత్తో కాసిన్ని నీళ్ళు చిలకరిస్తారు, కాసేపటికి అదంతా ముద్దకట్టి నూనె ఊరడం మొదలవుతుంది. ఆ నీళ్ళు ఎక్కువైతే నూనె నిలవుండదు, అక్కడే ఆయన చెయ్యి తెలిసేది. సుమారు రెండున్నర కేజీల గింజలకు లీటరు నూనె వస్తుంది. ఇంటికి తెచ్చాక "మూడు దినాలు ఎండలో పెట్టు నాయినా, మడ్డి దిగినాక పైది వంచుకో" అన్నారు. అట్లాగే చేశాం, ఉగ్గానికి, తాలింపుకు ఇంక వేరే నూనె పొయ్యబుద్ధి కావట్లేదు.

గానుగ ఆడేలోపు ఆయన్ని ఊరి సంగతి అడగండి, ఓపిగ్గా చెప్తారు. ముందు నూనె తీసే గాండ్లవాళ్ళ ఎద్దు గానుగలుండేవంట. తర్వాత ఆయిల్ ఇంజను మిల్లులొచ్చాయి, ఒకే షెడ్డులో ఒక పక్క కాయలు కొట్టే మిషను, ఒక పక్క నూనె పిండే ఎక్స్‌పెల్లరు, ఇంకో మూల వడ్లు ఆడే హల్లరు. వానాకాలం పంట ఇంటికొచ్చాక రాత్రిళ్ళు కూడా ఆడేవాళ్ళంట, కూలీలు, బండ్లవాళ్ళు, టీ అంగళ్ళు, ఊరంతా దానిమీదే బతికింది. 1994లో పామోలిన్ దిగుమతిని కేంద్రం ప్రైవేటు వ్యాపారులకు వదిలేశాక చౌక నూనె ముందు చెనక్కాయల నూనె నిలబడలేకపోయింది. దానికితోడు వానలు నమ్ముకున్న చేలల్లో చెనిక్కాయ తగ్గి మామిడి తోటలు పెరిగాయి. గింజే లేనప్పుడు మిల్లు ఏం ఆడుతుంది? ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. గోడలు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి, పడకముందే మన జిల్లా పిల్లలు చూడాలి, ఇక్కడి మెట్ట రైతు చరిత్ర అంతా అక్కడే ఉంది.

ఇంక గింజల విషయం. షెడ్డులో బాటిళ్ళలో రెడీగా అమ్మే నూనె కూడా ఉంది, రుచి బాగానే ఉంది గానీ ఏ రోజు ఆడిందో దానిమీద తేదీ రాయట్లేదు, ఇది మార్చుకోవాలి. అసలు గానుగ నూనెకు రిఫైనింగ్ ఉండదు కాబట్టి గింజలో ఉన్న చెడు కూడా నూనెలోకి వస్తుంది. బూజు పట్టిన చెనక్కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది కాలేయానికి చాలా చెడ్డది. అందుకే తడిసినవి, నల్లబడినవి, ముడతలు పడినవి ఇంట్లోనే కూర్చుని ఏరేసి, బాగా ఎండబెట్టి పట్టుకెళ్ళండి. బద్ధకించొద్దు.

రేటు ప్యాకెట్ నూనె కంటే బాగా ఎక్కువే పడుతుంది, అది తెలుసుకునే వెళ్ళండి. పొద్దున్నే వెళ్తే మేలు, మధ్యాహ్నం కరెంటు పోతే కూర్చోవాల్సి వస్తుంది. డబ్బాలు స్టీలువి తీసుకెళ్ళండి. నూనె తీశాక మిగిలే చెక్క మాత్రం వదిలిపెట్టి రావద్దు, ఆవులున్నవాళ్ళు అక్కడే నిలబడి అడుగుతారు, మీకు వద్దనుకుంటే కూలి డబ్బుల్లో తగ్గించమని ముందే మాట్లాడుకోండి, పెద్దాయన ఒప్పుకుంటారు.