పావగడ ఎండకా, కక్ష్యలో ఎండకా: అప్పు దేనికి పుడుతుంది?

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే ఇస్రో మాట రాక మానదు. ఆ వెంటే అంతరిక్షం నుంచి కరెంటు తెచ్చే ముచ్చట: కక్ష్యలో సోలార్ ప్యానెళ్లు పెట్టి, ఆ కరెంటును మైక్రోవేవ్‌లుగా భూమికి పంపడం. డబ్బు పెట్టేవాళ్ల కళ్లతో చూస్తే నేలమీది సోలార్ లెక్క వేరు, కక్ష్యలోది వేరు.

నగరానికి ఉత్తరాన, తెలుగు బాగా వినిపించే పావగడ తాలూకాలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. భూమి కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు, మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు. కరెంటు కొనేవాళ్లతో ఏళ్ల తరబడి ఒప్పందం ఉంటుంది కాబట్టి బ్యాంకు ధైర్యంగా అప్పిస్తుంది. రాత్రి మాత్రం సున్నా.

కక్ష్యలో ఆ బెడద తక్కువ. 36,000 కిలోమీటర్ల ఎత్తున దాదాపు ఏడాదంతా ఎండే, చదరపు మీటరుకు సుమారు 1,361 వాట్లు. అమెరికన్ ఇంజినీర్ పీటర్ గ్లేజర్ ఈ ఊహను 1968లోనే చెప్పాడు. భౌతిక శాస్త్రవేత్త జెరార్డ్ ఓ'నీల్ ఇంకో మెట్టు ఎక్కాడు: ఆ సోలార్ ఉపగ్రహాలను చంద్రుడి మట్టితో పైనే కట్టాలి, కరెంటు అమ్మిన డబ్బుతో అంతరిక్ష కాలనీల ఖర్చు రాబట్టాలి. ఆలోచన అందంగానే ఉంది. మరి మొదటి యూనిట్ అమ్మేదాకా వడ్డీ ఎవరు కడతారు? పావగడను విడతలుగా కట్టి, కట్టినంత మేర అమ్ముకున్నారు. పైన ఆ వీలు తక్కువ. 2023లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం కక్ష్యలో చేసిన ఇలాంటి ప్రయోగానికి అండ బ్యాంకు అప్పు కాదు, ప్రధానంగా రియల్ ఎస్టేట్ సంపన్నుడు డొనాల్డ్ బ్రెన్ విరాళం. 2024 నాసా నివేదికైతే కక్ష్య కరెంటు నేలమీది ప్రత్యామ్నాయాల కంటే 12 నుంచి 80 రెట్లు ఖరీదంది.

నా డబ్బయితే పావగడకే, బ్యాటరీలతో కలిపి. కక్ష్యకు ప్రస్తుతానికి పరిశోధన నిధులు చాలు.