ప్రొడక్షన్ మేనేజరా, పోస్ట్ సూపర్‌వైజరా?

సినిమా, వీడియో ప్రాజెక్టులు నడిపించే పనిలోకి రావాలనుకునేవాళ్ళు ముందు ఇది తేల్చుకోవాలి, సెట్ వైపు వెళ్తారా ఎడిట్ రూమ్ వైపు, అంటే షూటింగ్ అయ్యాక జరిగే పోస్ట్ ప్రొడక్షన్ (పోస్ట్) వైపు వెళ్తారా అని. రెండిట్లోనూ బడ్జెట్టూ షెడ్యూలే చూస్తాం గానీ రోజు గడిచే తీరు మాత్రం అస్సలు కలవదు.

ప్రొడక్షన్ మేనేజర్ పని స్క్రిప్ట్ బ్రేక్‌డౌన్‌తో మొదలవుద్ది. ఒక్కో పేజీని 8 భాగాలుగా లెక్కేసి, ఏ సీన్ ఎన్ని భాగాలో, రోజుకి ఎంత తీయగలమో చూసి షెడ్యూల్ వేస్తారు, తర్వాత లొకేషన్ పర్మిషన్లు, బండ్లు, భోజనాలు, రేపటి కాల్ షీట్ (ఎవరు ఎన్నింటికి, ఎక్కడికి రావాలో రాసిన కాగితం) ఇవాళ సాయంత్రానికే అందరికీ వెళ్ళిపోవాలి. వాన పడితే అప్పటికప్పుడు ఇండోర్ సీన్‌కి మారాలి, యూనిట్ మొత్తం మన మొహమే చూస్తుంటది. ఒక్క రోజు పోయిందా, అద్దెలూ బత్తాలూ మళ్ళీ కట్టాల్సిందే. నిద్ర తక్కువే, కానీ మనుషులతో పని ఇష్టమైతే దీన్ని మించింది లేదు.

పోస్ట్‌లో కంగారు నెమ్మదిగా పెరుగుద్ది. ఫుటేజ్ 3 కాపీలు ఉన్నాయా, పిక్చర్ లాక్ (ఎడిట్ ఇక మార్చమని ఖరారు చేయడం) ఎప్పుడు, గ్రాఫిక్స్ షాట్లు ఎన్ని పెండింగ్... లాక్ అయ్యాక డైరెక్టర్ ఇంకో సీన్ ట్రిమ్ చేస్తే సౌండూ మ్యూజిక్కూ కలరూ అన్నీ మళ్ళీ సరిచేయాలి, ఆ ఖర్చు ఎంతవుద్దో ముందే చెప్పగలగాలి. చివర్లో థియేటర్‌కి డీసీపీ (థియేటర్లో ఆడించే డిజిటల్ ఫైళ్ళ ప్యాకేజీ), ఓటీటీకి వేరే ఫైళ్ళు, సబ్‌టైటిల్స్ రెడీ చేయించాలి. టైమింగ్స్ కాస్త నయం.

కొత్తవాళ్ళయితే ముందు ఓ ఏడాది సెట్ మీద అసిస్టెంట్‌గా చేయండి, షాట్ ఎందుకు మిస్సయిందో సెట్ చూసినోళ్ళకే తెలుస్తది. రోజూ ఇంటికి చేరాల్సిన పరిస్థితి ఉంటే మాత్రం పోస్ట్‌కే రండి.